మేల్ మెడికల్ వార్డులో మొదటి పోస్టింగ్, ముందు ఏం నేర్చుకోవాలి?

కందుకూరు అమ్మాయి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మాది కందుకూరు. నెల్లూరులో హాస్టల్లో ఉండి బీఎస్సీ నర్సింగ్ చదువుతున్నాను. నర్సింగ్ మొదటి పాఠాలు (ఫౌండేషన్స్) అయిపోయాయి, ఇప్పుడు పెద్దవాళ్ళ జబ్బుల సబ్జెక్టు (అడల్ట్ హెల్త్) మొదలైంది, నన్ను మేల్ మెడికల్ వార్డులో వేశారు. ల్యాబ్‌లో బొమ్మ మీద బెడ్ మేకింగ్, వైటల్స్ (బీపీ, నాడి, ఊపిరి, జ్వరం చూడటం), స్పాంజ్ బాత్ (మంచం మీదే ఒళ్ళు తుడవడం), రైల్స్ ట్యూబ్ ఫీడింగ్ (ముక్కులోంచి పొట్టలోకి వేసిన గొట్టంతో ఆహారం ఇవ్వడం) అన్నీ చేసి చూపించాను, లాగ్ బుక్‌లో సంతకాలు కూడా అయిపోయాయి. కానీ బొమ్మ మూలగదు, బొమ్మ చుట్టూ నలుగురు చుట్టాలు నిలబడి ప్రశ్నలు వేయరు.

మొన్న ఒక పెద్దాయనకి బీపీ చూస్తున్నాను, ఉదయగిరి వైపు మనిషి. నా చెయ్యి పట్టుకుని "కాసేపు కూర్చోమ్మా, రాత్రంతా నిద్ర లేదు" అన్నారు. అవతల వరస మొత్తం మిగిలి ఉంది, మేడమ్ రౌండ్స్‌కి వచ్చే టైమ్ అయింది, ఏం చెప్పాలో తోచలేదు. మా పుస్తకంలో పేషెంట్ సేఫ్టీ ఒక యూనిట్, కరుణ, గౌరవం, కమ్యూనికేషన్ ఇంకో యూనిట్. వార్డులో చూస్తే ఒకటి చేయాలంటే రెండోది వదులుకోవాలేమో అనిపిస్తోంది. మా బ్యాచ్ వాళ్ళేమో "ముందు చేతికి పని రానీ, జాలి సంగతి తర్వాత" అంటున్నారు.

ఇక్కడ చాలామంది సీనియర్ సిస్టర్స్, బ్రదర్స్ ఉన్నారు కదా, మీరే చెప్పండి. ఒక మనిషికి మన వల్ల హాని జరగకూడదు, అతని మనసూ కష్టపెట్టకూడదు అంటే అసలు మొదట ఏం అలవాటు చేసుకోవాలి? సిలబస్‌లో ఉన్నది కాదు, మీరు రోజూ చేసేది కావాలి. ఇంట్లో మంచాన పడినవాళ్ళని చూసుకున్నవాళ్ళు ఉంటే వాళ్ళు కూడా రాయండి, మేం ఎలా ఉంటే మీకు బాగుంటుందో తెలుసుకోవాలని ఉంది.

ఒంగోలు స్టాఫ్ నర్స్:

చెల్లీ, ఆ ఉదయగిరి పెద్దాయన మాటతోనే మొదలుపెడతాను. "రాత్రంతా నిద్ర లేదు" అని ఆయన ఊరికే అనలేదు. నిద్ర ఎందుకు పట్టలేదో అడగాలి. పడుకుంటే ఆయాసం వచ్చిందా? లేచి కూర్చుంటే తగ్గిందా? మాటిమాటికీ మూత్రానికి లేవాల్సి వచ్చిందా? లేకపోతే పక్క బెడ్ వాళ్ళ పరిస్థితి చూసి భయపడ్డారా? పడుకోగానే ఊపిరాడక లేచి కూర్చున్నారంటే గుండె సరిగా పనిచేయక ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందేమో అని మనకి అనుమానం రావాలి, డ్యూటీ డాక్టర్‌కి అప్పటికప్పుడు చెప్పాల్సిన సంగతి అది. ఆయన దగ్గర ఒక్క నిమిషం ఆగితే కరుణా అక్కడే, సేఫ్టీ కూడా అక్కడే. అందుకే మీ బ్యాచ్ వాళ్ళ మాట నేను ఒప్పుకోను. పేషెంట్‌తో మాట్లాడే నర్సుకే నిన్నటికీ ఇవాళ్టికీ వచ్చిన తేడా తెలుస్తుంది. మాట్లాడటానికి వేరే టైమ్ వెతుక్కోవద్దు, చేసే పనిలోనే మాట్లాడు.

అన్నిటికంటే ముందు పేరు. మందు ఇవ్వాలన్నా, రక్తం తీయాలన్నా "సుబ్బారావేనా?" అని అడగకు. నిద్రమత్తులో ఉన్నవాళ్ళు, వినపడనివాళ్ళు ఏ పేరు చెప్పినా "ఆఁ" అంటారు. "మీ పేరు చెప్పండి" అని వాళ్ళ నోటితోనే చెప్పించుకో, చెప్పింది చేతి బ్యాండ్‌తోనూ కేస్ షీట్ మీద ఐపీ నంబర్‌తోనూ (ఆసుపత్రిలో చేరినప్పుడు ఇచ్చే నంబర్) సరిచూసుకో. మన వైపు ఒకే వార్డులో ఇద్దరు వెంకటేశ్వర్లు, ఇద్దరు సుబ్బారావులు ఉండటం మామూలే. బెడ్ నంబర్‌ని అసలు నమ్మొద్దు, ఎండాకాలంలో ఫ్యాన్ గాలి కోసం తెల్లారేసరికి మంచాలు మారిపోయేవాళ్ళు ఉంటారు. ఒకసారి పేరు తెలిశాక ఆ పేరుతోనే, పెద్దవాళ్ళైతే గారు అనో తాతా అనో కలిపి పిలువు. "పన్నెండో బెడ్" అని మాత్రం పిలవకు.

రెండోది ఊపిరి లెక్క. వైటల్స్‌లో అందరూ అన్యాయం చేసేది దీనికే, చాలా వార్డుల్లో చార్టు తిరగేస్తే అందరికీ 20 అనే ఉంటుంది. పెద్దవాళ్ళకి నిమిషానికి 12 నుంచి 20 మామూలు. మనిషి పరిస్థితి దిగజారేటప్పుడు బీపీ పడిపోవడం కంటే ముందే చాలాసార్లు ఊపిరి వేగం పెరుగుతుంది, కాబట్టి ఆ అంకె నిజమైనదై ఉండాలి. ఊపిరి లెక్కపెడుతున్నామని తెలిస్తే మనిషి తెలియకుండానే ఊపిరి మార్చేస్తాడు. అందుకని నాడి చూశాక చెయ్యి వదలకుండా, ఇంకా నాడే చూస్తున్నట్టు పట్టుకుని, ఛాతీ లేచి పడటాన్ని పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టు. ఆ నిమిషంలో నీ కళ్ళు ఖాళీగా ఉండవు కదా. పెదాల రంగు, నుదుటి మీద చెమట, సెలైన్ ఎక్కే చోట వాపు, యూరోబ్యాగ్‌లో (మూత్రం సంచిలో) ఎంత వచ్చింది, చుట్టాలు తెచ్చిన టిఫిన్ తిన్నాడా అలాగే ఉందా, అన్నీ కనపడతాయి. ఆయన వైపు నుంచి చూస్తే ఒక మనిషి వచ్చి తన చెయ్యి పట్టుకుని తనతో ఉంది. నువ్వు టైమ్ లేదంటున్నది దీనికే అయితే ఈ టైమ్ ఎటూ నీ డ్యూటీలో ఉన్నదే.

చేతులు ఎప్పుడెప్పుడు శుభ్రం చేసుకోవాలో మీకు పుస్తకంలో 5 సందర్భాలు చెప్పే ఉంటారు. శానిటైజర్ అయితే 20 నుంచి 30 సెకన్లు, సబ్బు, నీళ్ళు అయితే మొత్తం 40 నుంచి 60 సెకన్లు. గ్లవ్స్ వేసుకున్నాం కదా అని ఒక పేషెంట్ నుంచి ఇంకో పేషెంట్‌కి అవే గ్లవ్స్‌తో పోవడం నేను చూస్తూనే ఉంటాను, అది పూర్తిగా తప్పు. మంచం కాళ్ళ దగ్గర నిలబడి చేతులు రుద్దుకుంటూనే "ఏం తాతా, ఇవాళ ఎలా ఉంది" అని అడుగు. చేతులు శుభ్రం చేసుకుంటున్నావని ఆయనకీ కనపడుతుంది, పలకరింపూ అయిపోతుంది.

ఇక కదలలేని పేషెంట్‌ని తిప్పడం. 2 గంటలకొకసారి అని చదివే ఉంటావు. తిప్పిన ప్రతిసారీ నడుం కింద, తుంటి పక్కన, మడమలు, మోచేతులు, ట్యూబు ఆనే చోట ముక్కు, చెవి వెనక చూడాలి. ఎర్రగా ఉన్న చోట వేలితో నొక్కి వదిలితే తెల్లబడి మళ్ళీ ఎర్రబడిందంటే రక్తం ఆడుతోంది, నొక్కినా రంగు మారకపోతే పుండు మొదలైనట్టే. పుస్తకంలో ఫొటోలన్నీ తెల్లవాళ్ళ చర్మం మీద ఉంటాయి. మన రంగులో ఆ ఎరుపు కనపడదు, చుట్టుపక్కల చర్మం కంటే నల్లగా, ఊదాగా ఉంటుంది, చేత్తో తాకితే వేడిగానో గట్టిగానో తగులుతుంది. కాబట్టి కంటితోనే కాదు, వేలి వెనక భాగంతో కూడా చూడు. కనిగిరి, పొదిలి వైపు నుంచి వచ్చే పెద్దవాళ్ళలో ఫ్లోరైడ్ నీళ్ళ వల్ల వెన్ను, మెడ, మోకాళ్ళు కొయ్యబారిన వాళ్ళు ఉంటారు. వాళ్ళని గబుక్కున పక్కకి దొర్లించొద్దు, పూర్తిగా వెల్లకిలా చేయడం కూడా కుదరదు. ముందు చెప్పి, మెడ కింద, మోకాళ్ళ కింద దిండు పెట్టి, ఇద్దరు కలిసి దుప్పటితో సహా నిదానంగా తిప్పాలి. "ఇట్టా తిరగలేనమ్మా" అంటే నమ్ము, మొండితనం అనుకోకు.

ముంబై కేఈఎం హాస్పిటల్ నర్సులు అరుణా శాన్‌బాగ్ గారిని ఎలా చూసుకున్నారో మీ టీచర్లు చెప్పారా? ఆమె కూడా అక్కడి నర్సే. 1973లో దాడి జరిగి మెదడు దెబ్బతింది, 2015లో చనిపోయేదాకా ఆ హాస్పిటల్ నర్సులే, ఒక తరం పోతే ఇంకో తరం, కంటికి రెప్పలా చూశారు. అన్నేళ్ళు మంచం మీదే ఉన్నా ఒంటి మీద బెడ్‌సోర్ (పడక పుండు) పడనివ్వలేదని దేశమంతా చెప్పుకుంది. 2011లో సుప్రీంకోర్టు ఆమె కేసు తీర్పులో ఆ సిబ్బందిని మెచ్చుకుంది. అక్కడ ఖరీదైన మెషిన్లేమీ పనిచేయలేదు, తిప్పడం, తుడవడం, తినిపించడం, మాట్లాడటం ఇవే. నువ్వు ఇప్పుడు నేర్చుకుంటున్నదీ ఇవే.

కావలి నుంచి ఒక కూతురు:

నేను నర్సుని కాదు. ఇంట్లో చూసుకున్నవాళ్ళని కూడా రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను.

మా నాయనకి పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది, మాట కూడా పోయింది. మొదట ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పెట్టాం. అక్కడ ఆయన ముందరే నిలబడి "ఈ స్ట్రోక్ కేసుకి ఇంక ఇంప్రూవ్‌మెంట్ ఏముంటుంది" అని మాట్లాడుకునేవాళ్ళు. మాట పోయింది గానీ చెవులు పోలేదు కదమ్మా. ఆయన కంట్లో నీళ్ళు కారితే "కళ్ళు ఇన్ఫెక్షన్ అయినట్టుంది" అని చుక్కలు రాశారు. స్కాన్‌కి తీసుకుపోయేటప్పుడు యూరిన్ బ్యాగ్ ఆయన పొట్ట మీద పెట్టి తోసుకుపోయేవాళ్ళు, బ్యాగ్ ఎప్పుడూ మూత్రాశయం కంటే కిందే ఉండాలని, పైన పెడితే బ్యాగ్‌లోది వెనక్కి పోయి ఇన్ఫెక్షన్ వస్తుందని తర్వాత వేరే చోట చెప్తే తెలిసింది.

ఆ వేరే చోట నైట్ డ్యూటీలో ఒక సిస్టర్ ఉండేది. వయసు నీ అంతే ఉంటుంది. వచ్చీరాగానే నాయన ఎడమ పక్కకి, ఆయనకి కనపడే వైపుకి వచ్చి వంగి, "నాయనా, నేను నైట్ సిస్టర్ని. నా మాట వినపడితే ఈ చెయ్యి ఒకసారి నొక్కు" అని ఎడం చెయ్యి పట్టుకుంది. ఆయన నొక్కాడు. అవునంటే ఒకసారి, కాదంటే రెండుసార్లు అని అప్పటికప్పుడు పెట్టేసింది. నొప్పిగా ఉందా, దాహంగా ఉందా, ఒకటి పోయాలా అని ఒక్కొక్కటీ అడిగేది. అన్ని రోజులుగా మేం కన్నబిడ్డలం కూడా ఆ పని చేయలేదు, మాకు ఎవరూ చెప్పలేదు.

తినిపించడం నేర్పింది కూడా ఆమే. డాక్టర్ మింగగలడని పరీక్ష చేసి చెప్పేదాకా నోట్లో చుక్క నీళ్ళు కూడా పోయనివ్వలేదు, చుట్టాలు ఎంత గొడవ చేసినా ఒప్పుకోలేదు. చెప్పాక నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి దించి, బాగున్న ఎడమ వైపు నుంచి చిన్న స్పూనుతో జావలాగా మెత్తగా చేసింది పెట్టాలి, పల్చటి నీళ్ళు గబగబా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి అంది. నేను మెత్తగా కలిపిన పప్పన్నం పెట్టి, అంతా మింగేశాడని గిన్నె తీస్తుంటే ఆమె వచ్చి టార్చి వేసి నోరు తెరిపించింది. కుడి దవడలో అన్నం అలాగే ఉంది, ఆయనకి ఆ వైపు స్పర్శ లేక ఉన్నట్టే తెలియలేదు. వేలికి గాజుగుడ్డ చుట్టుకుని మొత్తం తీసేసి, నోరు తుడిచి, అరగంట దాకా పడుకోబెట్టొద్దని చెప్పింది. ఇంకోటి, పడిపోయిన చెయ్యి పట్టుకుని ఎవరూ లాగొద్దు, భుజం కీలు జారిపోతుంది అని మంచం దగ్గర కాగితం రాసి అంటించింది. చూడటానికి వచ్చిన బంధువులందరూ చెయ్యి పట్టుకుని లేపబోయేవాళ్ళు మరి.

ఇప్పుడు ఇంట్లోనే ఉన్నాడు. సిస్టర్స్ ఎవరైనా ఒకటి చెప్పండి, పిరుదుల కింద పెట్టడానికి గాలి కొట్టిన రబ్బరు రింగు కొనమని ఊళ్ళో చెప్తున్నారు, కొనొచ్చా?

నర్సింగ్ ట్యూటర్ని:

కావలి అమ్మగారూ, రింగు కొనొద్దు. చూడటానికి పుండు గాల్లో ఉన్నట్టే ఉంటుంది గానీ రింగు ఆనిన చోట చుట్టూ బరువంతా పడి రక్తం ఆగిపోతుంది, మధ్యలో చర్మానికి ఇంకా నష్టం. గాలి మారుతూ ఉండే ఎయిర్ బెడ్ మంచిదే, దొరికితే అద్దెకి తీసుకోండి, కానీ అది ఉంది కదా అని తిప్పడం మానొద్దు. పక్కకి తిప్పినప్పుడు పూర్తిగా తుంటి ఎముక మీద పడుకోబెట్టకుండా వీపు వెనక దిండు పెట్టి 30 డిగ్రీల వాలులో ఉంచండి, రెండు మోకాళ్ళ మధ్య ఒక దిండు పెట్టండి. మడమలకి, పిక్కల కింద దిండు పెట్టి మడమ పరుపుకి తగలకుండా చూడండి, మడమ కింద మీ చెయ్యి ఆడాలి.

ఎర్రబడిన చోట నూనె పెట్టి గట్టిగా రుద్దడం మన ఇళ్ళలో ఉంది, అది కూడా వద్దు, లోపల కండ అప్పటికే నలిగి ఉంటుంది. స్పిరిట్ చర్మాన్ని ఎండగొడుతుంది, పౌడర్ చెమటతో ముద్దకట్టి గరుకవుతుంది. గోరువెచ్చని నీళ్ళతో తుడిచి, మెత్తని బట్టతో అద్ది, పొడిబారితే మామూలు మాయిశ్చరైజర్ రాయండి చాలు. తోలు లేచిపోయి ఉంటే పసుపు అదీ పెట్టకుండా డాక్టర్‌కి చూపించండి. మింగగలుగుతున్నాడు కాబట్టి గుడ్డు, పప్పు, ముళ్ళు లేకుండా వలిచిన చేప మెత్తగా చేసి పెట్టండి, పుండు పడకుండా ఉండాలన్నా పడింది మానాలన్నా మాంసకృత్తులు కావాలి. కిడ్నీ సమస్య ఉంటే మాత్రం ఎంత పెట్టొచ్చో డాక్టర్‌ని అడిగి పెట్టండి.

మా స్టూడెంట్స్‌కి ఈ పోస్ట్ చూపిస్తాను, ఆ నైట్ సిస్టర్ చేసింది నేను క్లాసులో గంట చెప్పినా రాదు.

నెల్లూరు ఐసీయూ బ్రదర్:

చెల్లీ, అక్క అన్నీ చెప్పింది, నేను మందుల గురించి ఒకటి, మనుషుల గురించి ఒకటి చెప్తాను.

ఇన్సులిన్ జాగ్రత్త. మన దగ్గర మామూలుగా వాడే వయల్స్ (మందు సీసాలు) 40 యూనిట్లవి, అంటే 1 మిల్లీలీటర్‌లో 40 యూనిట్లు. కొన్ని రకాలు 100 యూనిట్లవి. సిరంజిలు కూడా రెండు రకాలు, 40కి ఎర్ర మూత, 100కి ఆరెంజ్ మూత. చూడటానికి దగ్గరదగ్గరగా ఉంటాయి, రాత్రి 2 గంటలప్పుడు అసలు తేడా తెలియదు. 100 యూనిట్ల మందుని ఎర్ర మూత సిరంజిలో 20 గీత దాకా లాగితే నువ్వు ఇచ్చింది 20 కాదు 50 యూనిట్లు. షుగర్ పడిపోయి మనిషి ప్రాణం మీదికి వస్తుంది. అందుకని వయల్ మీద అంకె, సిరంజి మీద అంకె రెండూ పైకి చదువు, పక్కనున్న స్టాఫ్‌కి చూపించి ఇంకోసారి చెక్ చేయించుకో. స్టూడెంట్‌గా ఉన్నన్నాళ్ళు ఒక్కదానివే ఇవ్వనే వద్దు. ఇచ్చే ముందు భోజనం వచ్చిందా, తింటాడా అని అడుగు, ఇన్సులిన్ చేసేసి తిండి రాకపోతే చెమటలు పట్టి, చేతులు వణికి, పిచ్చిపిచ్చిగా మాట్లాడతాడు. షుగర్ 70 కంటే తగ్గితే, స్పృహ ఉండి మింగగలిగితే 15 గ్రాముల గ్లూకోజ్ నీళ్ళలో కలిపి తాగించి 15 నిమిషాలకి మళ్ళీ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా అరిచి డాక్టర్‌ని పిలువు. పొటాషియం క్లోరైడ్ అయితే అసలు నేరుగా నరంలోకి తోయకూడదు, గుండె ఆగిపోతుంది, సెలైన్‌లో కలిపి నిదానంగానే పోవాలి. డాక్టర్ ఫోన్‌లో ఆర్డర్ చెప్తే రాసుకుని, రాసింది తిరిగి చదివి వినిపించి, ఆయన ఔనన్నాకే చెయ్యి. కేస్ షీట్ రాత అర్థం కాకపోతే అడుగు, విసుక్కున్నా అడుగు.

ఇక మనుషుల సంగతి. మన వైపు పొలాల్లో వాడే పురుగుల మందు తాగి వచ్చే కేసులు మీ వార్డుకీ వస్తాయి. వచ్చినప్పుడు బట్టలు మార్చి సబ్బుతో ఒళ్ళు కడగాలి, గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు, నోట్లో, గొంతులో ఊరేది సక్షన్ చేస్తూ (మెషిన్‌తో లాగేస్తూ) ఉండాలి. విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ మందు పోతుంటే కొందరు కలవరిస్తారు, సెలైన్ లైన్లు పీకేస్తారు. వెంటనే చేతులు కట్టేయడం కాదు, ముందు పొత్తికడుపు తాకి చూడు. అట్రోపిన్ వల్ల మూత్రం ఆగిపోతుంది, నిండిపోయిన మూత్రాశయం బాధకి కొట్టుకునేవాళ్ళని నేను ఎంతోమందిని చూశాను, క్యాథెటర్ (మూత్రం గొట్టం) వేయగానే నెమ్మదిస్తారు. ఒళ్ళు బాగా కాలి, చర్మం పొడిగా, గుండె వేగంగా ఉంటే అట్రోపిన్ ఎక్కువైందేమో, డాక్టర్‌కి చెప్పాలి.

అయితే అసలు కష్టం ఆ మనిషి లేచాక ఉంటుంది. చుట్టూ ఉన్నవాళ్ళు "బుద్ధి లేదా, పిల్లల మొహం చూడలేదా" అని మొదలుపెడతారు, మన స్టాఫ్‌లో కొందరు కూడా ఇట్టాగే అంటారు, ఇంజెక్షన్ కాస్త మొరటుగా పొడుస్తారు. అప్పు తీర్చలేకనో ఇంట్లో పడలేకనో చావు దాకా పోయి వచ్చిన మనిషికి మన దెప్పిపొడుపు అక్కర్లేదు. మెంటల్ హెల్త్ కేర్ చట్టం 2017లో వచ్చింది, దాని ప్రకారం అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, వైద్యం, ఆదరణ అందించడం ప్రభుత్వం బాధ్యత అని రాసి ఉంది. నువ్వు పెద్ద కౌన్సెలింగ్ చేయనక్కర్లేదు. చుట్టాలని కాసేపు బయటికి పంపి, పక్కన కూర్చుని "చాలా కష్టంగా ఉన్నట్టుంది, ఇప్పటికీ చావాలని అనిపిస్తోందా" అని నేరుగా అడుగు. అడిగితే కొత్తగా ఆలోచన పుడుతుందేమో అని భయపడొద్దు, అలా జరగదు, చాలామంది అడిగినందుకే ఏడ్చేస్తారు. ఔనంటే ఒంటరిగా వదలకుండా ఇన్‌చార్జ్ సిస్టర్‌కి చెప్పి, సైకియాట్రీ వాళ్ళకి కబురు పెట్టించు. డిశ్చార్జ్ అయ్యేటప్పుడు టెలిమానస్ (మానసిక సాయానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్) నంబర్ 14416 కాగితం మీద రాసి ఆ మనిషి చేతికీ ఇంట్లోవాళ్ళకీ ఇవ్వు, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు.

కందుకూరు అమ్మాయి:

అక్కా, అన్నా, మేడమ్, అందరికీ చాలా థాంక్స్. కావలి అక్కా, మీ నాయన గారు త్వరగా కోలుకోవాలి. నిన్న ఆ ఉదయగిరి తాతని అడిగాను, నిజంగానే రెండు దిండ్లు పెట్టుకుని కూర్చునే నిద్రపోతున్నారట, ఇంట్లో కూడా అంతేనట, ఎవరికీ చెప్పలేదు. స్టాఫ్‌కి చెప్పాను, డాక్టర్ వచ్చి చూసి మందు మార్చారు.

ఇంకో రెండు అడగాలి. మేల్ వార్డులో స్పాంజ్ బాత్ అంటే నాకూ ఇబ్బందే, వాళ్ళకి ఇంకా ఇబ్బంది, తాతలు సిగ్గుతో మొహం అటు తిప్పేసుకుంటారు. రెండోది, "నేను బతుకుతానా అమ్మా" అని అడిగితే ఏం చెప్పాలి?

ఒంగోలు స్టాఫ్ నర్స్:

శభాష్. ఆయన కూర్చుని నిద్రపోయే సంగతి, ఎన్ని దిండ్లు అనేది నర్సెస్ నోట్స్‌లో రాసి, డ్యూటీ మారేటప్పుడు నోటితో కూడా చెప్పు, రేపు దిండ్లు మూడయ్యాయంటే అది వచ్చేవాళ్ళకి తెలియాలి.

స్పాంజ్ బాత్‌కి ముందు అడుగు, "ఒళ్ళు తుడుస్తాను, ఇప్పుడు చేయమంటారా, కాసేపాగి చేయమంటారా" అని. ఆ చిన్న ఎంపిక కూడా ఆయన చేతిలో లేకుండా చేయొద్దు. చుట్టూ స్క్రీన్ పెట్టు, లేకపోతే రెండు దుప్పట్లు తాడుకి వేలాడదీయించు, ఆయమ్మకి చెప్తే చేస్తుంది. ఫ్యాన్ తగ్గించి, నీళ్ళు నీ ముంజేతి మీద పోసుకుని వేడి చూసుకో, షుగర్ ఉన్నవాళ్ళకీ పక్షవాతం ఉన్నవాళ్ళకీ కాలినా తెలియదు. మొత్తం ఒళ్ళు ఒకేసారి విప్పకుండా తుడిచే భాగమే తీసి, తుడిచి, ఆరబెట్టి, కప్పేసి, అప్పుడు ఇంకో భాగానికి పో. కింది భాగం ఆయన చెయ్యి ఆడితే తడిగుడ్డ ఆయన చేతికే ఇచ్చి నువ్వు స్క్రీన్ బయట నిలబడు, "అయిపోయాక పిలవండి" అను. చెయ్యి ఆడకపోతే మేల్ నర్స్‌నో కొడుకునో పిలిపించొచ్చు, ఎవరూ లేకపోతే నువ్వే చేస్తావు, అప్పుడు మొహంలో ఏ ఇబ్బందీ చూపించకుండా మామూలుగా వాళ్ళ ఊరి పంటల గురించి మాట్లాడుతూ చెయ్యి. నీ మొహం మామూలుగా ఉంటే ఆయన సిగ్గు సగం పోతుంది. తుడిచేటప్పుడే చర్మం మొత్తం కనపడుతుంది కాబట్టి వీపు, తుంటి, కాలివేళ్ళ మధ్య చూసుకో, షుగర్ పేషెంట్ అరికాల్లో ముల్లు గుచ్చుకున్న సంగతి ఆయనకే తెలియకుండా స్నానంలో బయటపడటం నేను చూశాను.

బతుకుతానా అంటే, "మీకేం కాదు, నూరేళ్ళు ఉంటారు" అని చెప్పేయకు. ఆ మాటతో ఆయన నోరు మూతపడుతుంది, ఇంక నీతో ఏ భయమూ చెప్పుకోడు. "చచ్చిపోతారు" అని చెప్పే పని కూడా నీది కాదు, జబ్బు సంగతి డాక్టర్ చెప్పాలి. "ఎందుకు అట్లా అనిపించింది తాతా" అని అడిగి ఊరుకో, ఆయన చెప్తాడు. ఒకాయన నాతో చెప్పింది చావు గురించి కానే కాదు, పొగాకు బ్యారన్ (ఆకు ఆరబెట్టే కొట్టం) అప్పు పెద్దకొడుకు ఒక్కడి మీద పడుతుందనేది ఆయన దిగులు. కొడుకుని పిలిపించి ఇద్దరినీ కూర్చోబెడితే ఆ రాత్రి ఆయన నిద్రపోయాడు. నొప్పి గురించి భయం అయితే నొప్పికి మందు ఉందని, అడిగితే ఇస్తామని చెప్పు, చెప్పాక టైమ్‌కి ఇవ్వు. డాక్టర్‌తో మాట్లాడాలని ఉందంటే రౌండ్స్‌లో నువ్వే పక్కన నిలబడి గుర్తు చెయ్యి, డాక్టర్ ముందు చాలామందికి నోరు పెగలదు.

ఇంకోటి మర్చిపోయాను. ఒక చిన్న టార్చి, సెకన్ల ముల్లున్న వాచీ కొనుక్కో, వాచీ చేతికి కాదు, యూనిఫామ్ జేబుకి తగిలించుకునేది. ఫోన్ చూసుకుంటూ ఊపిరి లెక్కపెడితే చుట్టాలు నువ్వు వాట్సాప్ చూస్తున్నావనుకుంటారు.